బంద్ అయిందా, బంద్ చేసినవా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1986లో మన బడిలో పదో తరగతి పాసయ్యాను. ముప్ఫై ఏళ్లుగా చెన్నైలో కార్ల విద్యుత్ భాగాల మీద పనిచేస్తున్నాను. స్టార్టర్లు, ఆల్టర్నేటర్లు, బ్యాటరీలు, ఇవే నా బతుకుదెరువు. సంఘం వాళ్లు ఫోన్ చేసి, "అందరూ చిన్ననాటి ముచ్చట్లే చెప్తున్నరు, నువ్వన్న ఇంత పనికొచ్చేది చెప్పు" అన్నారు. ఏం చెప్పాలా అని మన వాట్సాప్ గ్రూపు వెనక్కి తిప్పి చూశాను. కార్ల గురించి నన్ను అడిగిన ప్రశ్నల్లో సగం ఒకే విషయం మీద ఉన్నాయి. బండి ఆగగానే దానంతటదే ఇంజన్ ఆగిపోవడం, కాలు కదపగానే దానంతటదే స్టార్ట్ కావడం. కంపెనీని బట్టి పేరు మారుతుంది. అందరికీ అర్థమయ్యేలా స్టార్ట్ స్టాప్ అందాం.

ఒకరు "ఎండాకాలం ఇది పనే చేస్తలేదు" అన్నారు. ఒకరు "మాటిమాటికి స్టార్ట్ అయితే బ్యాటరీ ఏమైతది?" అన్నారు. ఇంకొకరు "ఇంజన్ ఖరాబ్ అయితదంట కదా, బంద్ పెట్టుకోవాల్నా?" అన్నారు. ఈ మూడింటికీ జవాబులు చెప్తాను. చివర్లో ఈ సిస్టం విషయంలోనే నేను చేసిన ఒక తప్పు కూడా మీ ముందు చెప్పుకోవాలి. ఆ తప్పుకు మూల్యం చెల్లించిన మనిషి ఈ సభలోనే కూర్చుని ఉన్నాడు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1973లో చమురు ధరలు మండిపోయాక, జపాన్‌లో టొయోటా వాళ్లు క్రౌన్ కారు మీద ఇలాంటిది ప్రయత్నించారు. 1980లలో ఐరోపాలో ఫోక్స్‌వ్యాగన్, ఫియట్ కూడా చేసి చూశాయి. అప్పటి స్టార్టర్లకు, బ్యాటరీలకు ఆ బరువు మోసే శక్తి లేదు కాబట్టి అది జనంలోకి పోలేదు. మన దేశంలో 2008 ప్రాంతంలో మహీంద్రా బండ్లలో మైక్రో హైబ్రిడ్ పేరుతో వచ్చింది. 2014లో హీరో వాళ్లు స్ప్లెండర్ ఐస్మార్ట్‌లో ఐ3ఎస్ అని పెట్టారు. 2015లో మారుతి సియాజ్‌లో వచ్చింది. 2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక చిన్న కార్లకు, స్కూటర్లకు కూడా పాకింది. అంటే ఇవాళ బయట పార్కింగ్‌లో ఉన్న బండ్లలో చాలావాటికి ఇది ఉండి ఉంటుంది.

ఎలా పనిచేస్తుంది? గేరు కారైతే బండి పూర్తిగా నిలబడాలి, గేరు న్యూట్రల్‌లోకి రావాలి, క్లచ్ మీది నుంచి కాలు తీయాలి. అప్పుడు ఇంజన్ ఆగుతుంది. క్లచ్ నొక్కగానే సెకను లోపే లేస్తుంది. ఆటోమేటిక్ కారైతే బ్రేకు నొక్కి పట్టుకుంటే ఆగుతుంది, వదిలితే లేస్తుంది. ఐ3ఎస్ ఉన్న బైకు న్యూట్రల్‌లో కొన్ని సెకన్లు ఊరికే తిరిగితే ఆగిపోతుంది, క్లచ్ లివర్ పట్టగానే లేస్తుంది.

ఇక్కడే మన వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి తేలిపోతుంది. సిగ్నల్ దగ్గర ఫస్ట్ గేరు వేసి, క్లచ్ తొక్కి, ఉరకడానికి సిద్ధంగా నిలబడటం మనలో చాలామందికి అలవాటు. కాలు క్లచ్ మీద ఉన్నంతసేపు ఇంజన్ ఆగదు. సిస్టం పాడైందని షోరూముకు తీసుకుపోయేముందు ఒకసారి న్యూట్రల్ చేసి కాలు తీసి చూడండి.

అయితే ఇవన్నీ చేసినా ఒక్కోసారి ఆగదు. ఎందుకంటే ఆపే ముందు కంప్యూటర్ ఒక చిట్టా చూసుకుంటుంది. ఇంజన్ వేడెక్కిందా? బ్యాటరీలో చాలినంత ఛార్జి ఉందా? డ్రైవర్ సీటు బెల్టు పెట్టుకున్నాడా? తలుపు, బానెట్ మూసి ఉన్నాయా? బ్రేకులకు కావలసిన వాక్యూమ్ ఉందా? లోపల ఏసీ చల్లగా చేసిందా? వీటిలో ఏ ఒక్కదానికి కాదని జవాబు వచ్చినా ఇంజన్ ఆగదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆగిన తర్వాత కూడా ఈ లెక్క చూస్తూనే ఉంటుంది. మధ్యలో ఏదైనా తగ్గితే, మీరు కాలు కదపకపోయినా దానంతటదే స్టార్ట్ అవుతుంది. ఈ చివరి మాట గుర్తు పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు మన జైపూర్ సంగతి. ఈ సిస్టంను చల్లటి దేశాల్లో, పెద్ద నగరాల్లో తిరిగే బండి కోసం ఆలోచించారు. మనది బొగ్గు ప్రాంతం. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఎండలో నిలబెట్టిన కారు ఎక్కి ఇందారం దాకా పోయేలోపు లోపల చల్లబడనే చల్లబడదు. ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజన్, మామూలు కార్లన్నిటిలో అంతే. ఇంజన్ ఆగితే ఏసీ వట్టి ఫ్యానే. అందుకే ఎండాకాలం అది ఆగనంటుంది. ఆగినా అర నిమిషానికో నిమిషానికో లేస్తుంది. ఇది రోగం కాదు. మీరు చల్లదనం అడిగారు, అది ఇస్తోంది, అంతే. డిసెంబరులో అదే కారు బుద్ధిగా ఆగుతుంది.

రెండోది మన ప్రయాణాల పొడవు. క్వార్టర్ నుంచి గనికి, గని నుంచి క్వార్టర్‌కు, సాయంత్రం కూరగాయలకు. మూడు నాలుగు కిలోమీటర్లు. ఇంజన్ వేడెక్కేలోపే ఊరు వస్తుంది. ఆల్టర్నేటర్ బ్యాటరీని నింపే వ్యవధి ఉండదు. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండి, ఇంట్లో అమ్మానాన్నల దగ్గర కారు వారాల తరబడి కదలకుండా ఉంటే ఇంకా కష్టం. ఇలాంటి బండిలో స్టార్ట్ స్టాప్ పనిచేయకపోతే ముందు అనుమానించాల్సింది బ్యాటరీని. వారానికి ఒకసారైనా అరగంట, ముప్పావుగంట ఆగకుండా నడపండి. మంచిర్యాల దాటి పోయి రండి. చాలాసార్లు మెకానిక్ అవసరం లేకుండానే బాగవుతుంది.

బ్యాటరీ గురించి ఒక చిన్న లెక్క చెప్తాను. లెక్కల సార్ ముందు వరసలోనే ఉన్నారు, తప్పయితే దిద్దుతారు. మనందరం స్టార్ట్ చేయడానికే బ్యాటరీ అయిపోతుందనుకుంటాం. వేడిగా ఉన్న ఇంజన్ లేవడానికి సుమారు 300 ఆంపియర్లు, ఒక సెకను పడుతుందనుకోండి. 300 ఒకట్లు 300. ఇంజన్ ఆగి ఉన్న ఒక్క నిమిషంలో ఫ్యాను, లైట్లు, వైపర్లు, పాటలు కలిపి 25 ఆంపియర్లు లాగాయనుకోండి. 25 అరవైలు 1500. అంటే స్టార్ట్‌కు పోయేదానికి అయిదింతలు, ఆగి ఉన్నప్పుడే పోతుంది. రాత్రి వానలో హెడ్‌లైట్లు, వైపర్లు, ఫ్యాను అన్నీ నడుస్తుంటే సిస్టం ఎందుకు మొండికేస్తుందో ఇప్పుడు తెలిసింది కదా.

అందుకే ఈ కార్లకు మామూలు బ్యాటరీ చాలదు. ఈఎఫ్‌బీ అనో ఏజీఎం అనో గట్టి రకం వేస్తారు. ధర ఎక్కువ. మన దగ్గర జరిగే పొరపాటు ఏమిటంటే, అది పోయినప్పుడు "అదే సైజు, సగం ధర" అని మామూలుది వేయించుకోవడం. అది మాటిమాటికి కొంత ఖాళీ అయి కొంత నిండే పనికి తట్టుకోలేదు. పైగా లెడ్ బ్యాటరీ ఉండే చోట వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందని మా వృత్తిలో ఒక లెక్క. మన ఎండల్లో ఆ బ్యాటరీ ఎన్నాళ్లుంటుందో మీరే ఊహించండి. పాతదాని మీద ఏ రకం అని రాసి ఉందో అదే రకం వేయించండి. కొన్ని కార్లలో కొత్తది వేసినట్టు కంప్యూటర్‌కు చెప్పాలి కూడా.

ఇంకొకటి. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ దగ్గర చిన్న సెన్సర్ ఉంటుంది. వచ్చే కరెంటు, పోయే కరెంటు అది లెక్క రాసుకుంటుంది. మనం పెద్ద హారన్, ఫాగ్ లైట్లు బిగించి వాటి తీగ నేరుగా ఆ టెర్మినల్‌కే చుడతాం. అప్పుడు సెన్సర్‌ను దాటుకుని కరెంటు పోతుంది, లెక్క తప్పుతుంది. ఆ తీగను బాడీ ఎర్త్‌కు కలపాలి.

ఇంజన్ పాడవుతుందా అన్న ప్రశ్నకు వద్దాం. మన పెద్దలు బండి మాటిమాటికి ఆపొద్దనేవారు. కార్బురేటర్ల కాలంలో అది న్యాయమే. చోక్ లాగాలి, నాలుగు కిక్కులు కొట్టాలి. ఇంజన్‌కు ఎక్కువ అరుగుదల చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే. నిమిషం కింద ఆగిన వేడి ఇంజన్‌లో ఆయిల్ పొర ఇంకా బేరింగుల మీదే ఉంటుంది. పైగా ఈ ఇంజన్లకు బేరింగులు, స్టార్టరు గట్టివి వేస్తారు. మామూలు స్టార్టరు జీవితకాలంలో కొన్ని పదివేల సార్లు తిరిగేలా చేస్తే, ఇవి కొన్ని లక్షల సార్లు తిరిగేలా చేస్తాం. అది నేను చేసే పనే, నమ్మండి. టైముకు మంచి ఆయిల్ మార్చడం మాత్రం మానొద్దు.

ఆపి లేపడానికి ఖర్చు ఉండదని కాదు. మన పెగడపల్లి దగ్గరి సింగరేణి థర్మల్ ప్లాంటులో 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. అక్కడ పనిచేసే తమ్ముళ్లను అడగండి. చల్లబడిన యూనిట్‌ను లైటప్ చేసి, మళ్లీ గ్రిడ్‌కు కలపడానికి గంటల తరబడి పడుతుంది, ఆయిలు ఎంతో కాలుతుంది. పది నిమిషాలకు దాన్ని ఎవరూ ఆపరు. కారు ఇంజన్‌కు ఆ ఖర్చు చాలా చిన్నది. పది సెకన్లకు మించి ఆగుతామంటే ఆపడమే లాభం.

ఎంత లాభం? చిన్న పెట్రోలు కారు ఊరికే నిలబడి తిరిగితే గంటకు ముప్పావు లీటరు అటూ ఇటూ తాగుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఎనిమిది నిమిషాలు రైలు గేటు పడిందనుకోండి, ఒక టీ గ్లాసు నిండా పెట్రోలు. ఆగి ఆగి పోయే పట్నం రద్దీలో నూటికి అయిదు అటూ ఇటూ మిగలొచ్చు. రాజీవ్ రహదారి మీద ఏకధాటిగా పోతే మిగిలేది దాదాపు సున్న. బ్రోచర్‌లో చెప్పినంత రాలేదని అడిగితే, నా జవాబు మీ రోడ్డును బట్టి ఉంటుంది.

ఇక నా తప్పు.

రెండేళ్ల కింద ఎండాకాలం, అమ్మను తీసుకుని చెన్నై నుంచి కారులో వచ్చాను. మంచిర్యాల చేరేసరికి ముందు నుంచి బెల్టు కీచుమంటోంది. మా బ్యాచ్ మిత్రుడికి రోడ్డు పక్కనే మెకానిక్ షెడ్డు ఉంది. నేరుగా అక్కడికే పోయాను. న్యూట్రల్ చేసి కాలు తీశాను. ఇంజన్ ఆగింది. అమ్మ వెనక సీట్లో ఉంది, బయట నిప్పులు కురుస్తున్నాయి, ఏసీ అలాగే ఉంచాను. సీటు బెల్టు కూడా విప్పలేదు. లోపలి నుంచే బానెట్ లివర్ లాగాను.

వాడు బానెట్ ఎత్తి, "బంద్ చేసినవా?" అని అడిగాడు.

నేను, "ఆ, బంద్ అయిందిరా" అన్నాను.

వాడు బెల్టు బిగువు చూడటానికి వేలు పెట్టాడు. లోపల వేడి పెరిగింది. ఏసీ అడిగింది. ఇంజన్ లేచింది.

బానెట్ తెరిచి ఉంటే లేవకూడదు. అందుకోసమే అక్కడ ఒక స్విచ్ ఉంటుంది. కానీ నా కారులో ఆ స్విచ్ లేనట్టే లెక్క. అంతకు ఏడాది ముందు దుమ్ము పట్టి అది పాడై, బానెట్ మూసినా తెరిచినట్టే గంట మోగుతుండేది. ఇంకో ఊళ్లో ఒక షెడ్డులో, "తీగలు కలిపేస్తే గోల ఉండదు సార్" అన్నారు. మూడు దశాబ్దాలుగా ఇదే పనిలో ఉన్న నేను, ఆ స్విచ్ ఎందుకుందో తెలిసిన నేను, "సరే కానియ్" అన్నాను. తొందరలో ఉన్నాను. తర్వాత మార్పిద్దాంలే అనుకున్నాను. మరిచిపోయాను.

మిత్రుడి చూపుడు వేలి కొస పోయింది. మంచిర్యాల ఆసుపత్రిలో కుట్లు వేశారు. ఇప్పటికీ చిన్న నట్టు పట్టుకోవాలంటే ఆ వేలు సహకరించదు. మెకానిక్‌కు వేలి కొస అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. క్షమించరా అంటే వాడన్న మాట: "నువ్వు అబద్ధం చెప్పలే. బంద్ అయిందన్నవు, అయింది. నేనడిగింది వేరే."

ఆ రాత్రి నాన్నకు చెప్పాను. నాన్న శ్రీరాంపూర్ ఏరియాలో భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఎనభై దాటింది. అంతా విని, "ఎల్‌సీ తీసుకోకుంట స్తంభం ఎక్కిచ్చినవురా" అన్నాడు. మన ఊళ్లలో అందరికీ తెలిసిన మాటే. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు కరెంటు లేదని చూసుకుంటే సరిపోదు. పోయిన కరెంటు ఏ క్షణమైనా వస్తుంది. సబ్‌స్టేషన్‌కు చెప్పి లైన్ క్లియర్ తీసుకోవాలి, అప్పుడే అది తీసిన కరెంటు. గనిలోనూ అంతే. మిషను నిలబడితే ఎవరూ చెయ్యి పెట్టరు. గేట్ ఎండ్ బాక్స్ దగ్గర స్విచ్ తీసి, తాళం వేసి, మనిషి పనిలో ఉన్నాడని బోర్డు తగిలించి, తాళంచెవి జేబులో వేసుకుంటేనే పని. "నిలబడ్డ మిషన్ను నమ్మొద్దు, నా జేబుల ఉన్న తాళంచెవిని నమ్ముత" అనేవాడు నాన్న. నా చిన్నప్పుడు వంద సార్లు విన్నాను. కారు విషయంలో గుర్తుకు రాలేదు.

కాబట్టి నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. స్టార్ట్ స్టాప్‌లో ఇంజన్ బంద్ అవుతుంది, మనం బంద్ చేసినట్టు కాదు. ఆ తేడా తెలిస్తే ఈ సిస్టంతో భయం లేదు, పేచీ లేదు.

ఆ తేడాను బట్టే నాలుగు అలవాట్లు చేసుకోండి. బానెట్ ఎత్తాలన్నా, కారు దిగాలన్నా తాళం తిప్పి ఆపండి. బటన్ బండైతే బటన్ నొక్కి, మీటర్ బోర్డు మీది లైట్లు ఆరాయో లేదో చూడండి. రైలు గేటు దగ్గర ఇంజన్ నిశ్శబ్దంగా ఉంది కదా అని, పిల్లలను లోపల వదిలి టీ కొట్టుకు పోకండి. డ్రైవర్ దిగితే కొన్ని బండ్లు గంట మోగిస్తాయి, కొన్ని పూర్తిగా ఆరిపోతాయి. మీ బండి ఏం చేస్తుందో మాన్యువల్‌లో చూడండి. గేటు లేచాక ఒక్కో బండి పొడవు జరుగుతూ పోయేటప్పుడు అది చికాకు పెడితే, ఆఫ్ బటన్ నొక్కండి. తప్పేం లేదు. చాలా కార్లలో మళ్లీ స్టార్ట్ చేస్తే అది దానంతటదే ఆన్ అవుతుంది. బానెట్ స్విచ్, తలుపు స్విచ్, సీటు బెల్టు స్విచ్ పాడైతే మార్పించండి. తీగలు కలిపి టేపు చుట్టనివ్వకండి. షెడ్డు నడిపే తమ్ముళ్లకు చేతులెత్తి చెప్తున్నాను, ఎదుటివాడు ఎంత పెద్ద ఇంజనీరైనా, బంద్ చేసినవా అని అడిగి ఊరుకోకండి. తాళంచెవి అడిగి జేబులో వేసుకోండి.

చివరగా, మన బడి గేటు గురించి. నిన్న సాయంత్రం లాంగ్ బెల్ వేళ బయట నిలబడి చూశాను. ఆటోలు, కార్లు, బైకులు, సగం ఇంజన్లు నడుస్తూనే ఉన్నాయి. పొగ గొట్టం ఎత్తూ ఒకటో తరగతి పిల్ల ముక్కు ఎత్తూ కొంచెం తేడా. ఆ ఎండలో ఏ కంప్యూటరూ ఏసీ నడుస్తున్న ఇంజన్‌ను ఎక్కువసేపు ఆపి ఉంచదు. పాత ఆటోలకైతే అసలు ఆ సిస్టమే లేదు. అక్కడ ఆపాల్సింది మనమే, మన చేత్తో. మనం చదివినప్పుడు ఈ గేటు ముందు సైకిళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు. ఆ గాలి మళ్లీ తేలేం గానీ, పది నిమిషాలు తాళం తిప్పి ఉంచగలం. ఈ స్వర్ణోత్సవ ఏడాదిలో సంఘం తరఫున ఆ గేటు దగ్గర ఒక బోర్డు పెడదాం. రాతకు, రంగుకు అయ్యే ఖర్చు నాది.

బోర్డు మీద ఏం రాయాలో మూడో వరసలో కూర్చున్న మా మిత్రుణ్ని నిన్ననే అడిగాను. వాడు ఎక్కువ ఆలోచించలేదు. "బంద్ చేసినవా?" అని రాయించుమన్నాడు.